విండోస్ లేనిదే సర్కారు పని సాగదా?

తెలంగాణ ప్రభుత్వ ఐటీ, ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ల శాఖ ఉన్నతాధికారులకు, ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ టెండర్లకు షరతులు రాసే ప్రతి ఒక్కరికీ,



ఆఫీసుల కోసం డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాయించే కాగితాల్లో ఎక్కడో ఒక మూల 'విండోస్ 10 లేదా ఆపై వెర్షన్' అన్న మాట ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. రాసినవాళ్లు కూడా ఆలోచించి పెట్టింది కాదు. పోయిన టెండరులో ఉంది కాబట్టి ఈ టెండరులోకీ వచ్చి చేరుతుంది. ఆ షరతు ఎందుకని ఒక ఆఫీసులో అడిగితే, "అందరి దగ్గరా ఉండేది అదే కదండీ, ఇంకేం కావాలి?" అన్నారు. నేను కరీంనగర్‌లో కూర్చుని డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నాను. ఆ ధోరణి నాకు మింగుడు పడలేదు. అందుకే ఈ లేఖ.

అందరి దగ్గరా ఉన్నది అదేనా? 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా వసతి ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరమో ఆ తర్వాతిదో కావాలి. అంటే 2017కు ముందు కొన్న కంప్యూటర్లు దాదాపు అన్నీ లెక్కలోంచి పోయినట్టే. జైనూరు, నార్నూరు, తిర్యాణి మండలాల బడుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో బల్లల మీద ఉన్న కంప్యూటర్లలో ఎన్ని ఈ పరీక్షలో నెగ్గుతాయి? ఆ లెక్క మీ శాఖ తీసిందా? తీస్తే జనం ముందు పెట్టండి.

ఆ మెషిన్లేమీ పాడైపోలేదు. ఒక ఎస్‌ఎస్‌డీ మార్చి, తేలికపాటి లైనక్స్ వేస్తే ఇంకా కొన్నేళ్లు నిక్షేపంగా పనిచేస్తాయి. తెలుగు మెనూలతో లైనక్స్‌ను మనవాళ్లే, హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థవాళ్లే, ఎన్నడో తయారుచేసి పంచిపెట్టారు. బడి పిల్లల కోసం బాల స్వేచ్ఛ అని విడిగా ఒకటి తెచ్చారు. కేంద్రం సొమ్ముతో సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొదవ లేదు. ఆఫీసులో రోజూ తెరవాల్సిన ప్రోగ్రాం మాత్రం వాటి మీద తెరుచుకోదు. ఎందుకంటే మీరు అడగలేదు, రాసినవాళ్లు రాయలేదు. దాంతో ఆపరేటర్‌కు రెండే దారులు మిగిలాయి. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన కంప్యూటర్‌లో జనం ఆధార్ నంబర్లు, భూముల వివరాలు ఎక్కించడం, లేదా క్రాక్ చేసిన విండోస్ దొరకబుచ్చుకోవడం. రెండూ ప్రభుత్వం చేయించాల్సిన పనులేనా?

ఈ జబ్బు ఢిల్లీకీ ఉంది, మీ ఒక్కరినే అనడం న్యాయం కాదు. జీఎస్టీ రిటర్నుల ఆఫ్‌లైన్ టూల్‌ను విండోస్ 7, ఎక్సెల్ 2007, ఆపై వాటి కోసమే తయారుచేశారు. టవర్ సర్కిల్‌లో కిరాణా హోల్‌సేల్ నడిపే మనిషి సర్కారుకు పన్ను కట్టాలంటే ముందు ఒక విదేశీ కంపెనీకి లైసెన్సు డబ్బు కట్టుకోవాలా? ఏ చట్టంలో ఉంది ఇది? సర్కారు బడి కట్టించి, ఫలానా కంపెనీ చెప్పులు వేసుకున్న పిల్లలకే లోపలికి దారి అంటే ఊళ్లో ఎవరైనా ఊరుకుంటారా?

'వేరే సిస్టమ్‌ల మీద కూడా నడవాలంటే ఖర్చు రెండింతలవుతుంది' అని మీకు కాంట్రాక్టర్లు చెప్పి ఉంటారు. ఆ లెక్కలో ఎంత నిజముందో దగ్గరగా చూద్దాం.

ఒక ప్రోగ్రాంను లైనక్స్ మీదికి తేవాలని ఒకరు నాకు అప్పగించారు. ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. కోడ్ తెరిచి చూస్తే ఫైళ్లన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయని రాసిపెట్టారు. లైనక్స్‌లో సీ డ్రైవ్ అనేదే ఉండదు. ఫోల్డర్ల మధ్య అంతటా బ్యాక్‌స్లాష్ వాడారు. ఫార్వర్డ్ స్లాష్ పెట్టి ఉంటే విండోస్ కూడా కిమ్మనకుండా ఒప్పుకునేది. ఒక ఫైలును క్యాపిటల్ అక్షరంతో సేవ్ చేసి, మరోచోట స్మాల్ అక్షరంతో పిలిచారు. విండోస్‌కు ఆ తేడా పట్టదు, లైనక్స్‌కు అవి రెండు వేరు వేరు ఫైళ్లు. సెట్టింగులన్నీ విండోస్ రిజిస్ట్రీలో దాచారు. డేటా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైల్లో ఉంది. తారీఖులను కంప్యూటర్ లొకేల్‌కు వదిలేశారు కాబట్టి ఒక మెషిన్ మీద జూన్ 5 అయినది, అమెరికా సెట్టింగులున్న ఇంకో మెషిన్ మీద మే 6 అయి కూర్చుంటుంది. ఈ ఆఖరిదానికి లైనక్స్ కూడా అక్కర్లేదు, రెండు విండోస్ మెషిన్ల మధ్యే కొంప ముంచుతుంది.

వీటిలో ఒక్కటైనా కష్టమైన పనేనా? మొదటి రోజు గుర్తుంచుకుంటే ఏ ఒక్కదానికీ పైసా ఖర్చు లేదు. ఫోల్డర్ దారిని చేత్తో రాయకుండా లైబ్రరీని అడగాలి. తారీఖును లోపల ఏడాది-నెల-రోజు వరసలోనే దాచి, తెరమీద చూపేటప్పుడు మాత్రం మన పద్ధతిలోకి మార్చాలి. యాక్సెస్‌కు బదులు ఎస్‌క్యూలైట్ వాడాలి. అది 2000 నుంచి ఉంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. డేటాబేస్ మొత్తం ఒకే ఫైలు. ఆ ఫైలు విండోస్‌లో పుట్టినా లైనక్స్‌లో, మ్యాక్‌లో, ఆఖరికి ఫోన్‌లో కూడా అలాగే తెరుచుకుంటుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ డేటాను దీర్ఘకాలం భద్రపరచడానికి సిఫారసు చేసే ఫార్మాట్లలో అదీ ఒకటి. మొదట్లో పట్టించుకోక, కోడ్ కొండంత అయ్యాక మారుద్దామంటే మాత్రం ఖర్చు రెండింతలు కాదు, నాలుగింతలైనా అవుతుంది. కాంట్రాక్టర్ మీకు చెప్పేది ఈ ఆలస్యపు ధర. అడగకపోవడం వల్ల పడే ఖర్చును అడగడం వల్ల పడే ఖర్చుగా చూపిస్తుంటే మీరు తలూపుతున్నారు.

పైగా ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ముచ్చట కాదు. యునిక్స్‌ను 1973లో సీ భాషలో తిరగరాశారు. 1977-78 నాటికే బెల్ ల్యాబ్స్‌లో దాన్ని పూర్తిగా వేరే జాతి మెషిన్ మీదికి, ఇంటర్‌డేటా 8/32 మీదికి, ఎక్కించి చూపించారు. అప్పటికి కరీంనగర్‌లో టైపు నేర్చుకోవడమంటే టైప్‌రైటర్ మీదే. ఒకే కోడ్‌ను వేర్వేరు సిస్టమ్‌ల మీద నడిపించే క్యూట్ 1995లో జనం ముందుకొచ్చింది, జావా ఆ వెంటనే వచ్చింది. మైక్రోసాఫ్ట్ కూడా 2016లో తన డాట్‌నెట్‌ను లైనక్స్ మీద, మ్యాక్ మీద నడిచేలా కోర్ పేరుతో విడుదల చేసింది. మీ ఆఫీసుల్లో సినిమా చూసే వీఎల్‌సీ ప్లేయర్ (చూడరనే అనుకుందాం) విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది. లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ కూడా అంతే. ఉచితంగా పంచే సాఫ్ట్‌వేర్‌కు సాధ్యమైంది ప్రజల సొమ్ము తీసుకుని రాసే సాఫ్ట్‌వేర్‌కు ఎందుకు సాధ్యం కాదు?

తెలుగు దగ్గరికొస్తే ఈ నిర్లక్ష్యం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బటన్ వెడల్పును, గడి ఎత్తును పిక్సెళ్లలో బిగించి వదిలేస్తారు. డెవలపర్ మెషిన్‌లో గౌతమి ఫాంటుతో సరిగ్గా కుదిరిన 'గ్రామ పంచాయతీ' ఇంకో మెషిన్‌లో 'గ్రామ పంచా' దగ్గర తెగుతుంది. లక్ష్మి, శంకరమ్మ అని టైపు చేస్తే అక్షరం కింది ఒత్తులు గడి అంచు తగిలి సగానికి పోతాయి. ఇంగ్లిష్‌కు కింద ఒత్తులుండవు కాబట్టి ఆ ఎత్తు చాలనుకున్నారు. తెలుగు అక్షరాలను, గుణింతాలను, ఒత్తులను కూర్చే పని విండోస్‌లో ఒక ఇంజిన్ చేస్తుంది, మ్యాక్‌లో మరొకటి, లైనక్స్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ హార్ఫ్‌బజ్ చేస్తుంది. వెడల్పులు కొద్దికొద్దిగా తేడా వస్తాయి. అక్షరాన్ని బట్టి గడి పెరిగేలా రాయడం, ప్రోగ్రాంతో పాటే ఒక ఉచిత తెలుగు ఫాంటును ఇచ్చి పంపడం దీనికి మందు. సిలికానాంధ్ర ఫాంటులున్నాయి. మన సురవరం ప్రతాపరెడ్డి పేరుతోనే ఒకటి ఉంది. వాడుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

ఇప్పుడు ఆదిలాబాద్ మాట. ఇది కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాను.

నార్నూరు మండలం గుంజాల గోండు గూడెంలో గోండి భాష రాసే ఒక లిపి రాతప్రతులు బయటపడ్డాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆచార్య జయధీర్ తిరుమలరావు ఆధ్వర్యంలో వాటిని వెలికి తెచ్చారు. 2014 తొలినాళ్లలో లిపినీ తొలి ఫాంటునూ లోకానికి చూపించారు. 2018 జూన్‌లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో గుంజాల గోండికి చోటు దక్కింది. మారుమూల గూడెం లిపికి ప్రపంచంలోని ప్రతి కంప్యూటర్‌లో ఒక చిరునామా వచ్చిందంటే మనకు ఎంత గర్వం!

అయితే ఆ చిరునామా ఎక్కడుందో చూడండి. తెలుగు అక్షరాలకు యూనికోడ్ పట్టికలో 3,072 నుంచి 3,199 దాకా గదులు. గుంజాల గోండికి 73,056 నుంచి 73,135 దాకా. పదహారు బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 65,535. అంటే 'ఒక అక్షరానికి పదహారు బిట్లు చాలు' అనుకుని రాసిన ఏ ప్రోగ్రాంలోనైనా తెలుగు బతుకుతుంది, గోండి విరిగిపోతుంది. విండోస్‌లో సీ భాష వైడ్ క్యారెక్టర్ పదహారు బిట్లు, లైనక్స్‌లో ముప్పై రెండు. ఒకే కోడ్ రెండు చోట్లా ఒకేలా నడుస్తుందనుకుని అక్షరాలు లెక్కపెడితే ఒక చోట ఒకటి, ఇంకో చోట రెండు వస్తుంది. ఆ లెక్క మీద ఆధారపడి బ్యాక్‌స్పేస్ రాస్తే అక్షరం సగమే చెరిగిపోయి మిగతా సగం డబ్బా గుర్తులా తెరమీద మిగులుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో పాత 'యూటీఎఫ్8' అమరిక ఒక్కో అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది. గోండి అక్షరానికి నాలుగు కావాలి. దాన్ని 'యూటీఎఫ్8ఎంబీ4'గా మార్చని డేటాబేస్‌లో గోండి పేరు ఎక్కిస్తే ఎర్రర్ అన్నా వస్తుంది, ఆ అక్షరం దగ్గర పేరు తెగనన్నా తెగుతుంది. ఆ నాలుగు బైట్ల వసతి 2010 నుంచీ ఉంది.

రేపు ఉట్నూరు ఐటీడీఏ బడుల కోసం గోండిలో ఒక పాఠాల ప్రోగ్రాం కావాలని మీరే టెండరు పిలవొచ్చు. అప్పుడు ఆ పదహారు బిట్ల అలవాటున్న కాంట్రాక్టరే వస్తాడు. గూడెంలో ఉన్న పాత కంప్యూటర్ మీద అది నడవదు, నడిచిన చోట అక్షరం సరిగ్గా పడదు. ఆ లోపం పిల్లల ఖాతాలో వేస్తారా, లిపి ఖాతాలో వేస్తారా?

'ఇప్పుడంతా వెబ్ కదా, డెస్క్‌టాప్ గోల దేనికి' అన్నది మీ దగ్గరున్న ఇంకో జవాబు. వెబ్ పేరుతో ఏం జరిగిందో మనం చూశాం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరుచుకునే పేజీలు రాయించుకున్నవాళ్లు 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే ఆ బ్రౌజర్‌ను సాగనంపినప్పుడు దిక్కులు చూడాల్సి వచ్చింది. డిజిటల్ సంతకాల కోసం బ్రౌజర్‌లో పెట్టిన జావా యాప్లెట్లు 2015లో క్రోమ్ ఆ దారి మూసేసరికి మూలపడ్డాయి. వాటి బదులు వచ్చినవి కంప్యూటర్‌లో కూర్చునే చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రాములే. తహసీల్దారు చేతిలోని యూఎస్‌బీ టోకెన్‌తో మాట్లాడాలన్నా, వేలిముద్ర యంత్రంతో, తూకం కాటాతో, ప్రింటర్‌తో మాట్లాడాలన్నా ఆ చిన్న ప్రోగ్రాం ఉండాల్సిందే. టోకెన్ దగ్గర కూడా దారి రెండుగా చీలుతుంది. పీకేసీఎస్ 11 అనే ప్రమాణం ద్వారా మాట్లాడితే అన్ని సిస్టమ్‌ల మీదా నడుస్తుంది, విండోస్ సొంత క్రిప్టో దారి పట్టుకుంటే అక్కడే ఆగిపోతుంది. ఏ దారి పట్టాలో టెండరులో ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. ఇక ఏజెన్సీలో నెట్ సంగతి మీకు నేను చెప్పాలా? వాన పడితే పోయే సిగ్నల్‌ను నమ్ముకుని పని చేయలేకే ఆఫ్‌లైన్ ప్రోగ్రాం అడుగుతున్నాం.

మీరు ఆచరించాల్సిన విధానాలు కాగితం మీద ఎప్పటి నుంచో ఉన్నాయి. 2009లోనే కేంద్రం ఈ-గవర్నెన్స్‌కు యూనికోడ్‌ను ప్రమాణం చేసింది. 2010లో ఓపెన్ స్టాండర్డ్స్ విధానం, 2015లో ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. ఒక్క కంపెనీకి కట్టుబడిపోకూడదన్నదే వాటి సారాంశం. కేరళ తన బడుల్లో లైనక్స్‌ను ఏళ్ల తరబడి నడిపిస్తోంది. మనకేం తక్కువ?

రాష్ట్రం వచ్చింది మొదలు ఈ శాఖ ఎక్కువ కాలం పాత కరీంనగర్ జిల్లా ఎమ్మెల్యేల చేతిలోనే ఉంది. 2023 డిసెంబర్ దాకా సిరిసిల్ల నుంచి కేటీఆర్, ఆ తర్వాత మంథని నుంచి శ్రీధర్‌బాబు. 2020 జూలైలో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరిచారు. బాసరలో ట్రిపుల్ ఐటీ ఉంది, జగిత్యాల దగ్గర నాచుపల్లిలో జేఎన్టీయూ కాలేజీ ఉంది, కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. మీరు రాయించే ప్రోగ్రాంను మూడు సిస్టమ్‌ల మీద పరీక్షించి రిపోర్టు ఇవ్వగల పిల్లలు ఇక్కడే ఉన్నారు. వాళ్లకు ఆ పని ఇప్పించడానికి మీకు అడ్డం ఏమిటి?

విండోస్‌ను తీసిపారేయమని నేను అడగడం లేదు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ వేల కంప్యూటర్లను లైనక్స్‌కు మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కే పోవాలని తీర్మానించింది. దానికి రాజకీయాలూ ఉన్నాయి, విండోస్ మీదే నడిచే ప్రోగ్రాముల బెడదా ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటి మార్చేసి చేతులు దులుపుకుంటే మనకూ అదే గతి పడుతుంది. అందుకే ముందు ప్రోగ్రాంల సంగతి చూడమంటున్నాను. ఏ సిస్టమ్ వాడుకోవాలో ఆఫీసువాళ్లు, బడివాళ్లు తర్వాత తేల్చుకుంటారు. అన్ని సిస్టమ్‌ల మీదా నడుస్తుందని పేరు పెడితే చాలదు. ఆధార్ నమోదుకు జావాలో రాయించిన ప్రోగ్రాం పేరులోనే 'మల్టీ ప్లాట్‌ఫామ్' ఉంది. నమోదు కేంద్రాల్లో మాత్రం అది ఎక్కువగా విండోస్ మీదే నడిచింది. కాబట్టి పేరు చూసి బిల్లు పాస్ చేయకండి, నడిపించి చూశాకే చేయండి.

ఇకపై మీరు పిలిచే ప్రతి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ టెండరులో 'విండోస్‌తో పాటు కనీసం ఒక లైనక్స్ మీద ఇదే పని ఇదే తీరుగా చేయాలి' అన్న షరతు పెట్టండి. తుది బిల్లు చెల్లించే ముందు దాన్ని సచివాలయంలోని కొత్త కంప్యూటర్ మీద కాకుండా ఆదిలాబాద్ ఏజెన్సీ బడిలోని ఒక పాత కంప్యూటర్ మీద నడిపించి చూడండి. తెలుగు పేరు ఒకటి, గుంజాల గోండి పేరు ఒకటి టైపు చేయించి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి, ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. సోర్స్ కోడ్ ప్రభుత్వం చేతికి వచ్చాకే చెక్కు మీద సంతకం చేయండి. ఇప్పటికే వాడుకలో ఉన్నవాటిలో ఏవి విండోస్ లేకుండా నడవవో ఒక జాబితా తయారుచేసి బయటపెట్టండి. వాటిని మార్చే పనిలో కొంత ఈ జిల్లాల కాలేజీలకు అప్పగించండి. ఇవన్నీ చేయడానికి కొత్త జీవో కూడా అక్కర్లేదు, ఇప్పుడున్న అధికారాలతో మీ టెండరు కమిటీ వచ్చే సమావేశంలోనే తీర్మానించవచ్చు. ఆ సమావేశం ఎప్పుడు పెడుతున్నారో చెప్పండి.

ఇట్లు,
కరీంనగర్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్